పిట్టకు పెట్టిన ముద్ద

ఊళ్ళో చెప్పింది ఒకటి, మేము వెళ్ళింది ఇంకొకదానికి. సూరత్‌లో ఉన్న ఆడబిడ్డను చూసి వస్తామని సిరిసిల్లలో అందరికీ చెప్పాము. నిజానికి వెళ్ళింది లావు తగ్గే ఆపరేషన్ కోసం. నేనూ మా ఆయనా, ఇద్దరమూ. ఇప్పుడు నా దగ్గర దాచడానికి ఏమీ లేదు. సూరత్ దారి ఎట్లా అని చాటుగా అడిగేవాళ్ళు మాత్రం చాలామంది ఉన్నారు. వాళ్ళ కోసం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మా ఆయన పేరు రాజేశం. మరమగ్గాల షెడ్డులో మేస్త్రీ. మనిషి ఎంత లావంటే, మగ్గాల మధ్య సందులోంచి పక్కకు తిరిగి నడిచేవాడు. నేను కూడా తక్కువేమీ కాదు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. కరోనా మొదటి ఏడు కరీంనగర్ డాక్టరు మా ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి, షుగరు ఉంది, ఈ బరువు మీద ఆ జబ్బు తగిలితే తట్టుకోలేరని మొహం మీదే చెప్పాడు. ఆ మాట నాకు నిద్రపట్టనివ్వలేదు. ఆ రోజుల్లోనే సూరత్ నుంచి సాయిలన్న ఫోన్ చేశాడు. మా ఆడబిడ్డ లక్ష్మి వదినె భర్త ఆయన, నాకు అన్న వరస, మా ఆయనకు బావ. వాళ్ళ సేటు భార్య ఆపరేషన్ చేయించుకుని సగమైందట. ఇద్దరూ ఒకేసారి చేయించుకుంటే ఒకరికొకరు కాపలా ఉంటారన్నాడు. మీసాలు రాని వయసులో మా ఆయన్ని సూరత్ తీసుకుపోయి మగ్గం నేర్పింది ఆయనే. ఆయన చెప్తే వినకపోవడమనేది లేదు.

మా ఆయన ఒప్పుకున్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. "ఎవ్వలకు చెప్పద్దు. తిండి ఆపుకోలేక కడుపు కోయిచ్చుకున్నడని షెడ్డుల నవ్వుతరు."

"రేపు నీ అంగీ నీ మీద వేలాడుతుంటె ఏం చెప్తవయ్యా?"

"షుగర్ ఎక్కువైందని చెప్త. షుగరంటె ఎవ్వలు నవ్వరు."

2021 మార్చిలో బయల్దేరాము. సిరిసిల్ల నుంచి కరీంనగర్, అక్కడి నుంచి రామగుండం బస్సు, రామగుండంలో అహమదాబాద్ పోయే రాత్రి బండి. ఆ రోజుల్లో రిజర్వేషన్ లేకుండా ప్లాట్‌ఫారం మీదికే రానివ్వలేదు. గేటు దగ్గర నుదుటికి తుపాకిలాంటిది పెట్టి జ్వరం చూశారు. మాలాంటి వాళ్ళు కింది బెర్తులే తీసుకోండి, పై బెర్తుకు ఎక్కడం మన వల్ల కాదు.

తెల్లవారి భుసావల్‌లో అరటిపళ్ళు కొన్నాడు. జల్‌గావ్‌లో వడాపావ్, నందుర్బార్‌లో పకోడీలు. నేను కళ్ళెర్రజేస్తే, "తిండి దగ్గర సెలవు తీసుకుంటున్ననే, ఒక్కో స్టేషన్‌ల" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఎదుటి సీటులో జగిత్యాల మనిషి, సూరత్ లింబాయత్‌లో మగ్గం నడుపుతాడట. "పండుగకా అన్నా?" అని అడిగాడు. మా ఆయన తొణక్కుండా "అక్కను సూడనీకి" అన్నాడు.

మధ్యాహ్నం రెండింటికి సూరత్‌లో దిగాము. బయట షేర్ ఆటోలో ఇద్దరం ఎక్కి కూర్చోగానే డ్రైవర్ మమ్మల్ని ఎగాదిగా చూసి నలుగురి కిరాయి అడిగాడు. ఇచ్చాము. ఏమని బేరమాడతాం?

వదినె వాళ్ళది డిండోలిలో రెండు గదుల ఇల్లు. ఆస్పత్రి వరాఛా దాటాక ఉంది. సర్కారు కార్డు అక్కడ చెల్లదు, సొంత డబ్బే పెట్టుకోవాలి. ముందు రెండు వారాలు వట్టి పులుసులూ పాలూ తాగించారు. తర్వాత కరోనా పరీక్ష చేసి, ఒకే రోజు ఇద్దరికీ ఆపరేషన్ చేశారు. కడుపు కోసి సంచిని చిన్నది చేస్తారు. కళ్ళు తెరిచేసరికి పక్క మంచం మీద ఆయన మూలుగుతున్నాడు. నాకేమీ కానట్టు "ఏందయ్యా, బతికే ఉన్నవా" అన్నాను. మందు సీసా మూతంత గిన్నెలో నీళ్ళు పోసి నర్సు చేతికిచ్చేది. "ధీరే ధీరే, మాసీ" అనేది. ఒక గుక్క తాగాలి, ఆగాలి, మళ్ళీ ఒక గుక్క. డాక్టరు గట్టిగా చెప్పాడు, కుట్లు ఆరేదాకా గట్టి పదార్థం ఏదీ కడుపులోకి పోకూడదని. మాంసం సంగతి నెలలు గడిచాక చూద్దామన్నాడు. ఎవరైనా బలవంతం చేస్తే నా పేరు చెప్పండని కూడా అన్నాడు.

వదినె ఇంటికి వచ్చాక సాయంత్రాలు మిద్దె మీద ఇద్దరం నడిచేవాళ్ళం. ఒకరోజు ఆయన గోడకు ఆనుకుని, "ఆకలే అయితలేదు శారదా. ఇన్నేండ్లు ఎవని ఆకలి మోసిన్నో" అన్నాడు. ఆ నాలుగు రోజులూ ఆయన మొహం చూస్తే నాకు ప్రాణం లేచి వచ్చేది.

అప్పుడే రెండోసారి జబ్బు సూరత్‌ను చుట్టుకుంది. షెడ్డు నుంచి దగ్గుతూ వచ్చిన సాయిలన్న మళ్ళీ లేవలేదు. ఆస్పత్రిలో పడ్డాడు, వారం తిరగకుండానే పోయాడు. శవాన్ని ప్లాస్టిక్‌లో చుట్టి ఆస్పత్రివాళ్ళే కాల్చారు. వదినె మొగుడి మొహం చూడలేదు. మాకిద్దరికీ పరీక్ష చేస్తే జబ్బు లేదని వచ్చింది.

మా నేతవాళ్ళలో మూడో రోజు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా దూరంగా నిలబడతారు. కాకి రాకపోతే మనిషికి మనసులో ఏదో ఉండిపోయిందని అర్థం. ముట్టాక అదే వంటలోంచి దగ్గరివాళ్ళు తలా ఒక ముద్ద తినాలి. సాయిలన్నకు స్నానం లేదు, పాడె లేదు, భుజం పట్టినవాళ్ళు లేరు. వదినెకు మిగిలింది ఈ ఒక్క ముద్దే. తాపీ నది ఒడ్డున విస్తరి పెట్టాము. అన్నం, మేకమాంసం, పక్కన ఒక సీసా.

ఎండ నెత్తికెక్కినా కాకి దిగలేదు. సాయిలన్న వాళ్ళ పెద్దన్న కనకయ్య మా ఆయన వైపు తిరిగి, "రాజేశం, నిన్ను కొడుకు లెక్క సూసుకున్నడు. నీ మాట కోసమే ఆగిండేమో, జర ఏమన్న చెప్పు" అన్నాడు.

మా ఆయన ముందుకు నడిచి చేతులు జోడించాడు. "బావా, అక్కను నేను అరుసుకుంట. మా ఇంటికి తీస్కపోత. నువ్వు తిను."

కాకి దిగింది. వదినె ఒక్కసారిగా కూలబడి ఏడ్చింది. మేమందరం ఏడ్చాము.

తర్వాత కనకయ్యన్న ముద్ద కలిపి మొదట మా ఆయనకే అందించాడు. అందులో ఒక మాంసం ముక్క. ఆపరేషన్ సంగతి అక్కడ తెలిసింది వదినె ఒక్కదానికే. ఆమె తల మోకాళ్ళలో పెట్టుకుని ఉంది. నేను వెనక నుంచి అంగీ పట్టి లాగాను. "కడుపు మంచిగ లేదని చెప్పు" అన్నాను.

"ఎందుకు లేదని అడుగుతరు" అన్నాడు మెల్లగా. "బావ ముద్దనే. వద్దని ఎట్లంట?"

నమిలీ నమలక మింగాడు. నాకు అందించేలోగా నేను నదిలోకి దిగి, కాళ్ళు కడుక్కుంటున్నట్టు నిలబడ్డాను.

సాయంత్రానికి వాంతులు మొదలయ్యాయి. కడుపు పట్టుకుని గిలగిల కొట్టుకున్నాడు. నొప్పి ఎడమ భుజానికి పాకింది, తెల్లారేసరికి జ్వరం వచ్చింది. నా కడుపు కుట్లమీద గుడ్డ బిగించుకుని ఆయన్ని ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాను. గేటు దగ్గరే ఆపేశారు. జ్వరం ఉంటే ముందు కరోనా రిపోర్టు కావాలి. లోపల మంచాల మధ్య నేల మీద కూడా మనుషులే ఉన్నారు. మమ్మల్ని గుర్తుపట్టిన నర్సు "మాసీ, కాకాకో క్యా హువా" అని, బాబాయికి ఏమైందంటూ డాక్టరు కోసం పరిగెత్తింది. ఆమె చేయగలిగింది ఆమె చేసింది. రిపోర్టు వచ్చి లోపలికి తీసుకునేసరికి మర్నాడయింది. కుట్లు తెగి కడుపంతా చీము పట్టిందట. ఏం తిన్నాడని డాక్టరు అడిగాడు. చెప్పాను. 

మళ్ళీ కోశారు. ఊపిరి మిషన్ పెట్టారు. లాభం లేకపోయింది.

ఏ జబ్బుకు భయపడి అంత దూరం పోయామో ఆ జబ్బు ఆయన్ను ముట్టనే లేదు. కరోనా కాదు కాబట్టి మొహం చూడనిచ్చారు, ఇంటికి తెచ్చుకోనిచ్చారు. శ్మశానం దగ్గర మాత్రం అందరితో పాటే వరసలో నిలబడ్డాము. నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒక్క ముక్క మింగగలిగిన నోరు ఒక్క మాట చెప్పలేకపోయిందా అని.

మూడో రోజు మళ్ళీ అదే తాపీ ఒడ్డు, మళ్ళీ విస్తరి. వదినె తమ్ముడికి ఇష్టమని చేపల పులుసు చేసింది. ఈసారి కాకి కోసం ఎదురుచూడాల్సిన పని లేకపోయింది. మేము వెనక్కి తిరిగేలోపే వాలింది. బతికున్నప్పుడు కూడా విస్తరి దగ్గర ఆలస్యం చేసిన మనిషి కాదు. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి నాకు.

కనకయ్యన్న ముద్ద కలిపి నా ముందుకు తెచ్చాడు. "తిను చెల్లె. పెండ్లానివి, నువ్వు ముట్టకుంటె ఎట్ల?"

నేను మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాను. "నేను తిన అన్నా. నాది గుడ కోసిన కడుపే. లావు తగ్గనీకి మేమిద్దరం ఆపరేషన్ చేయించుకున్నం. ఆ మాట మీకు చెప్పనీకి సిగ్గయి ఆయన ఆ ముద్ద మింగిండు. నాకు సిగ్గు లేదు."

ఎవరూ నవ్వలేదు. కనకయ్యన్న చెయ్యి అట్లాగే గాలిలో ఆగిపోయింది. "ఒక్క మాట చెప్తె నేనే వద్దంటుంటి గద చెల్లె" అన్నాడు. ఆ ముద్దను తీసుకుపోయి మళ్ళీ విస్తట్లోనే పెట్టాడు.

ఏప్రిల్ చివర తిరుగు బండి ఎక్కాము. రెండూ కింది బెర్తులే, ఒకటి నాది, ఒకటి వదినెది. తీసుకుపోతానని ఆయన కాకికి మాట ఇచ్చాడు కదా. బండి నిండా ఊళ్ళకు పారిపోతున్న మగ్గాలవాళ్ళే. తెల్లవారి భుసావల్ వచ్చింది. అరటిపళ్ళవాడు కిటికీ దగ్గర అరుస్తుంటే నేను అటు తిరగలేదు.

ఎదుటి సీటులో మంచిర్యాల ఆమె, నా పాత ఒళ్ళంత లావు మనిషి, డబ్బా తెరిచి జొన్నరొట్టె చాపింది. "జర తినుండ్రి అక్కా." నేను పప్పుకట్టు మూతలో పోసుకుని గుక్క గుక్కగా తాగుతున్నాను. నేను జవాబు చెప్పేలోపే వదినె అందుకుంది. "ఆమెకు లావు తగ్గే ఆపరేషన్ అయింది. తినద్దు." పక్క సీటువాళ్ళకు కూడా వినబడేట్టు చెప్పింది.

ఆమె నా పక్కకు జరిగింది. నొప్పి ఎంత, ఎన్ని రోజులు పడుకోవాలి, ఆస్పత్రి ఎక్కడ అని అన్నీ అడిగింది. అన్నీ చెప్పాను. ఆపరేషన్ మంచిదే, డాక్టరు మంచివాడే, నా మోకాళ్ళు ఇప్పుడే తేలికయ్యాయి అని కూడా చెప్పాను. అవి అబద్ధాలు కావు. మీక్కూడా అదే చెప్తాను.

అంతా విని ఆమె అటూ ఇటూ చూసి, మాస్కు కిందికి దించి, నా చెవి దగ్గరికి వచ్చింది. "నాక్గూడ పోవాల్నని ఉన్నది అక్కా. గని మా ఊళ్ళె ఒక్కలకు గుడ తెల్వద్దు. గుట్టుగ పోయి రావాలె."

"అట్లయితే పోకు చెల్లె" అన్నాను.