ఊడని అతుకు

ఆ రోజుల్లో నా లెక్కలో మనుషులు రెండే రకాలు: వైరు కలపడం వచ్చినవాళ్లు, రానివాళ్లు. ఎలక్ట్రికల్ డిప్లొమా చేతికొచ్చిన కొత్త, పెళ్లయిన కొత్త. రెండూ ఒకేసారి వస్తే కాళ్లు నేల మీద నిలవవు. మా మావగారు చాట్రాయి దగ్గర మామిడి రైతు. తోట తెలిసిన అల్లుడు కావాలనుకున్న ఆయనకు, చిన్న రసానికీ పెద్ద రసానికీ తేడా తెలియని నేను దొరికాను. (రెండూ తినడం మాత్రం తెలుసు.) ఆయన ఆ మాట ఏనాడూ పైకి అనలేదు. అదే నన్ను తొలిచేసేది. ఒక్కసారైనా ఆయన నోట భేష్ అనిపించుకోవాలని నా తపన.

కోతల ముందు తోటలోని షెడ్డుకు ఫ్యాను పెట్టాల్సి వచ్చింది. మోటారు గది నుంచి వైరు చాలలేదు, అతుకు వేయాలి. మెయిను ఆపి, తొడుగు ఒలిచి, రాగి తీగలు తుడిచి జడలా మెలేసి, టేపు చుట్టి, లాగి చూడమన్నాను. మావగారు లాగారు, బావమరిది లాగాడు, కారేజీ తెచ్చిన అత్తగారూ ఓ చెయ్యి వేశారు. ఊడలేదు. వైరు నేలకు తగలకుండా చెట్టుకు కట్టాలి కదా, ఏ కొమ్మకో మావగారే చూపించారు. నిండా కాయలతో చేతికందేలా వంగిన కొమ్మ అది. ఎక్కడా వేలాడకుండా లాగి బిగించి కట్టాను.

మర్నాడు ఆ చెట్టు కాయలు కోశారు. కాయలు దిగేకొద్దీ కొమ్మ వైరును లాక్కుంటూ పైకి లేస్తోంది, ఎవరం చూడలేదు. భోజనాల వేళ ఫట్టుమని చప్పుడైంది. షెడ్డు గోడకున్న స్విచ్‌బోర్డు మేకులతో సహా ఊడొచ్చి గాల్లో వేలాడుతోంది. (కరెంటు కోత టైము కాబట్టి బతికిపోయాం.) నా అతుకు మాత్రం చెక్కు చెదరలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

మావగారు కొమ్మ వైపు చాలాసేపు చూశారు. "పుట్టినకాణ్నించీ ఈ చెట్ల కిందే ఉన్నానండీ. కాయ దిగితే కొమ్మ లేస్తుందని నాకే తట్టలేదు, మీకేం తడుతుంది? మీ అతుకు మాత్రం భేషుగ్గా ఉంది."

ఇద్దరికిద్దరూ సరిపోయారంటూ అత్తగారు మజ్జిగ పోశారు. మావగారి ఆ భేషుకు నాకు కలిగిన సంతోషం డిప్లొమా వచ్చినప్పుడు కూడా కలగలేదు.

అతుకు గట్టిగా ఉంటే చాలదు, దాని మీద లాగుడు పడకూడదని అప్పుడే తెలిసింది. ఇప్పుడు తోటలో స్తంభాలు వేయించాను, అతుకులన్నీ డబ్బాల్లో కనెక్టర్లతో ఉంటాయి, ప్రతిచోటా వైరు కాస్త వదులుగా వదిలాను. బిగించడమే పనితనమనుకున్న ఆ కుర్రాణ్ని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. మోకాళ్ల నొప్పులతో మావగారు ఈ ఏడు తోటకు రాలేకపోయారు. కోత అవగానే ఫోను చేశారు. కాపు సంగతి అడగలేదు, ధర అడగలేదు.

"కొమ్మ లేచిందా అల్లుడు గారూ?"

లేచిందన్నాను.