పుస్తెల కోసం చిన్న చక్రం

నేను బంగారం వెతికే మిషను కొన్నానంటే తిరువూరులో అందరికన్నా ముందు నవ్వింది మా ఆవిడ. ఆవిడ తప్పేం లేదు. నా చెప్పులు కనపడటం లేదని ఇల్లంతా గగ్గోలు పెట్టిన రోజున అవి నా కాళ్ళకే ఉన్నాయి.

ఎనిమిదో తరగతి మధ్యలో బడికి దణ్ణం పెట్టి మోటారు వైండింగు పనిలో చేరినవాణ్ణి. కాలిపోయిన బోరు మోటారు తెస్తే పాత రాగితీగ పీకేసి కొత్త కాయిల్ చుట్టడం నా పని. ఈ మిషను కూడా అదే సంగతి. కర్రకి ఒక చివర కూత వినిపించే డబ్బా, రెండో చివర చక్రం, ఆ చక్రంలో రాగితీగ చుట్ట. అది నేల మీద తిప్పితే కింద లోహం ఉన్నచోట కూస్తుంది. కట్టలేరు వాగు ఇసకలో బంగారం ఏరుదామని సెకండ్‌హ్యాండులో కొన్నాను. ఇప్పటిదాకా సీసా మూతలు ఏరాను. వాగు శుభ్రమైందా లేదా? నాకు సిగ్గేం లేదు. పాత గుళ్ళ దగ్గర తవ్వుదాం రమ్మని కారేసుకుని వచ్చినవాళ్ళని మాత్రం షాపు మెట్టు కూడా ఎక్కనివ్వలేదు.

మిషనుతో రెండు చక్రాలు వచ్చాయి. ఒకటి అన్నం పళ్ళేనికి అన్న, రెండోది టీ సాసరుకి తమ్ముడు. చూడ్డానికొచ్చిన ప్రతివాడూ పెద్దదే వెయ్యమంటాడు. పెద్ద చక్రమైతే పెద్ద బంగారం దొరుకుతుందని వాళ్ళ లెక్క.

మొన్న పత్తి అయిపోయాక పెనుగొలను నుంచి ఒక అక్క షాపుకొచ్చింది. వాళ్ళ మోటారు నేనే చుట్టాను, ఆ పరిచయం. చేలో పత్తి కట్టె నరుకుతుంటే మెళ్ళో పసుపుతాడు మోడుకి తగులుకుని తెగింది. ఎప్పుడు తెగిందో చూసుకోలేదు. పుస్తెలు ఆ ఎర్రమట్టిలో ఎక్కడో పడ్డాయి. కూలీలందరూ కలిసి వెతికినా దొరకలేదు. ప్రస్తుతానికి తాడుకి పసుపుకొమ్ము కట్టుకుని ఉంది.

“కొత్తవి చేయిస్తామంటున్నారు తమ్ముడూ మావాళ్ళు. రేపు పొద్దున్నే ట్రాక్టరు పెట్టి దున్నించేస్తారంట. మా అమ్మ పోయాక ఆమె పుస్తె కరిగించి నా పుట్టింటి పుస్తెలో కలిపించాను. అది కొత్తది ఎట్టా అవుద్ది?”

షాపు మూసేసి వెళ్ళాను. ఇనుము వస్తే కూయొద్దని మిషనుకి ఒక మీట ఉంటుంది. అది వేసి, అందరూ చెప్పినట్టే పెద్ద చక్రం బిగించి, మధ్యాహ్నం దాకా చేనంతా తిప్పాను. మిషను మౌనవ్రతం. అక్క మరిది గట్టు మీద కూర్చుని పల్లీలు తింటూ చూశాడు.

“ఎనిమిదో తరగతి మిషనా అన్నా అది?”

“కాదు తమ్ముడూ, డిగ్రీ చేసింది. అందుకే పని చెయ్యట్లేదు,” అన్నాను. అన్నానుగానీ ఇంటికొచ్చేదాకా అతని మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది.

నిజం ముల్లు మా ఆవిడ కాల్లో ఉంది. గుమ్మంలో కూర్చుని, మెళ్ళో తాడుకి తగిలించుకున్న గుత్తిలోంచి ఒక పిన్నీసు తీసి, పాదంలో ముల్లు గెలుకుతోంది. ఆ గుత్తి చూశాను. రెండు పుస్తెలు, వాటికి ఆనుకుని అరడజను పిన్నీసులు. మన ఆడవాళ్ళందరికీ పుస్తెల తాడే కదా పిన్నీసుల డబ్బా!

“ఒకసారి ఆ తాడు తియ్యవే, మిషను కింద పెట్టి చూస్తాను.”

“పుస్తెలు తియ్యమంటారా? నోరు కడుక్కోండి ముందు,” అంది. తియ్యకుండానే పెరట్లో చాప వేసుకుని వెల్లకిలా పడుకుంది. పెద్ద చక్రం మెడ మీద తిప్పాను. బంగారం కళ్ళ ముందే ఉంది, మిషను కిక్కురుమనలేదు. పిన్నీసుల ఇనుము, పుస్తెల బంగారం కలిపి మొత్తం ఇనుమే అనుకుని నోరు మూసుకుంటోంది.

గోడ మీంచి పక్కింటి పిన్నిగారి తల లేచింది. “ఏమ్మా, ఒంట్లో బాలేదా? ఇంటికే స్కానింగు తెప్పించాడా?”

“లేదు పిన్నీ. పెళ్ళయిన ఇన్నేళ్ళకి నాలో బంగారం ఉందేమోనని వెతుకుతున్నారు.”

ఇనుము మీట తీసేసి మళ్ళీ తిప్పాను. ఈసారి గరగరమని కూసింది. కానీ ఆ చేలో మీట తీసేస్తే పెద్ద చక్రం పిచ్చెక్కినట్టు కూస్తుంది. ఎర్రమట్టి, అందులో ఇనపరాళ్ళు, మేకులు, అన్నీ ఒకేసారి దాని కిందకొస్తాయి. చిన్నదైతే ఒకసారికి అరచేయంత నేలే చూస్తుంది. లోతు పోదు, నిజమే. పుస్తెలు పైమట్టిలోనే ఉన్నాయి, లోతెవడిక్కావాలి?

తెల్లారగానే చిన్న చక్రంతో వెళ్ళాను. ట్రాక్టరు స్టార్టయి ఉంది. అక్క దాని ముందు చాలులో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. “తమ్ముడు వెతికేదాకా లేవను. దున్నాలంటే నన్నూ కలిపి దున్నండి,” అంటోంది. 

ట్రాక్టరు మీదున్న మరిది నన్ను చూసి పకపకా నవ్వాడు. “నిన్న పళ్ళెం తెచ్చావ్, ఇవాళ సాసరు తెచ్చావ్. రేపు స్పూను తెస్తావా అన్నా?”

“నీ మెదడు వెతకాల్సొస్తే స్పూనే తెస్తా తమ్ముడూ. ముందా బండి ఆపు, చెవులు వినపడట్లా.”

ఆపాడు. ఏ చాలులో కట్టె నరికావో గుర్తు తెచ్చుకోమని అక్కనడిగి, ఆ చాళ్ళ వెంట మోడుకీ మోడుకీ మధ్య చక్రం దూర్చుకుంటూ వెళ్ళాను. పెద్దదైతే అక్కడ పట్టనే పట్టదు. కూసినచోటల్లా వంగాను. మేకు. గొలుసు ముక్క. మళ్ళీ మేకు. మరిది మేకు మేకుకీ చప్పట్లు కొట్టాడు. నేను ఆగలేదు. మేకుల కొట్టు పెట్టుకునేటన్ని మేకులైనా సరే, ఆ చేనొదిలి కదిలేది లేదనుకున్నాను.

ఒక మోడు మొదట్లో మిషను గరగరమంది, నిన్న మా పెరట్లో అన్నట్టే. ఎండుటాకు కింద వేలుపెట్టి కెలికితే పిన్నీసు గుచ్చుకుంది. లాగాను. పిన్నీసు వెంట పిన్నీసు, వాటి వెంట మట్టి కొట్టుకుపోయిన రెండు పుస్తెలు.

తీసుకెళ్ళి చేతిలో పెడితే అక్క వాటిని కొంగుతో తుడిచి, పుట్టింటిది ఏదో వేలితో తడిమి చూసుకుని, గుప్పిట మూసుకుంది. చాలులోంచి లేచి ట్రాక్టరుకి దారిచ్చింది. మరిది పల్లీలు నా చేతిలో పోశాడు.

ఇంటికొచ్చి ఈ కథంతా రెండుసార్లు చెప్పాను. “చూశావా? ఊరంతా పెద్దది పెద్దదన్నారు. చిన్న చక్రమే కరెక్టని కనిపెట్టింది ఎవరి బుర్ర?” అన్నాను.

మా ఆవిడ తాడుకి పిన్నీసు తగిలించుకుంటూ తలెత్తకుండానే అంది: “రేపు చాప మీద మీరు పడుకోండి, మీ తల మీద నేను తిప్పుతాను. మోగితే అప్పుడు మాట్లాడుకుందాం.”