పన్నీరు చెంబులో బావ వాసన

మా అక్క మనవరాలి పెళ్ళిలో పన్నీరు చెంబులోంచి మా బావ వాసన వచ్చింది. బావ పోయి అప్పటికి చాలా ఏళ్ళయింది.

తమిళనాడు ధర్మపురిలో పెన్నాగరం రోడ్డు పక్కనున్న కల్యాణ మండపం. వాకిట్లో మేజా మీద చందనం గిన్నె, కుంకుమ, కలకండ పళ్ళెం. వచ్చినవాళ్ళ మీద పన్నీరు చల్లుతున్నది బావ చెల్లెలు. పొడుగు మెడ ఉన్న వెండి చెంబు, ఒకసారి విదిలిస్తే నాలుగు చుక్కలు పడతాయి. నేను అక్క పక్కన నిలబడి నమస్కారాలు పెడుతున్నాను. సాంబారు పోపు, మల్లెపూలు, కొత్త చీరల గంజి, అన్నీ కలిసిన మామూలు పెళ్ళి వాసన. అందులోంచి ముందు లవంగం, తర్వాత దాల్చినచెక్క, వాటి వెనక సాంబ్రాణి లాంటిదొకటి వచ్చి నా భుజం దగ్గర నిలబడింది. నేను నిజంగానే వెనక్కి తిరిగి చూశాను.

బావ దగ్గర ఏళ్ళతరబడి తాపీ పని చేసిన ఒక ముసలాయన అప్పుడే లోపలికి వస్తున్నాడు. చొక్కా మీద చుక్కలు పడగానే ఆగిపోయాడు.

"మేస్త్రి యాడుండాడు?" అన్నాడు. అని, నాలుక కరుచుకున్నాడు.

అక్క అతని ముఖం చూసింది. నా ముఖం చూసింది. చేతిసంచి తెరిచి తడుముకుంది. ఆమె వెతికిన చిన్న గాజుసీసా అందులో లేదు. మూత ఊడి, ఖాళీగా మేజా కింద ఉంది.

ఆ వాసన అక్కకు మాత్రం తెలియలేదు. కరోనా జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి ఆమెకు ఏ వాసనా తెలియదు.

బావ ఇళ్ళు కట్టే మేస్త్రి. మారండహళ్ళి నుంచి పొద్దున బస్సెక్కి హోసూరు వెళ్ళి, సాయంత్రానికి ఒంటినిండా సిమెంటుతో తిరిగి వచ్చేవాడు. అక్కడ ఒక ఇంటి యజమాని, విదేశాల్లో ఉద్యోగం చేసి వచ్చినవాడు, గృహప్రవేశం రోజున పంచెతో పాటు ఒక సెంటు సీసా ఇచ్చాడు. ముదురు గోధుమరంగు నీళ్ళు, బరువైన గాజు, లోహపు మూత. మగవాళ్ళ సెంటు. అట్టపెట్టె మీద ఇంగ్లీషులో తూర్పు దేశాల పరిమళం అని రాసి ఉంటే చదివి చెప్పాను. బావ నవ్వాడు.

"మన పాపారపట్టి అంగట్లో లవంగం, చెక్క దొరకవా ఏమి? అవే ఎత్తుకపోయి, సీసాలో పోసి, మళ్ళా మనకే పంపిస్తారు చూడు."

అయినా ఆ సీసాను వదల్లేదు. స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, అరచేతిలో రెండు చుక్కలు పోసుకుని మెడకు రాసుకునేవాడు. పనికి పోయేటప్పుడు ఎప్పుడూ రాసుకోలేదు. సాయంత్రం టీ అంగడిలో తోటి మేస్త్రీలు ఊరుకునేవాళ్ళు కారు. "ఏమి మేస్త్రీ, టీ తాగేకి వచ్చినావా, పిల్లను చూసేకి వచ్చినావా?" అనేవాళ్ళు. "చూసేసినాను. ఇంట్లోనే ఉండాది, మీ అందరికంటే పెద్ద నోరు," అనేవాడు బావ.

మొదటిసారి నాకు ఆ సెంటు నచ్చలేదు. మూత తీయగానే నిమ్మతొక్క పిండినట్టు ఒక ఘాటు, కషాయం లాంటి చేదు. అదే మాట చెప్పాను. బావ నా మణికట్టు మీద ఒక చుక్క వేశాడు.

"ఇది గోడపూత మాదిరిరా. పూసినప్పుడు చూస్తే ఏమి తెలుస్తుంది? ఆరినాక చూడాల."

అప్పట్లో నేను ఒక తమిళ దినపత్రికకు ధర్మపురి విలేకరిని. ఆ రోజు బొమ్మిడికి వెళ్ళే పని ఉండి బస్సెక్కాను. దిగేసరికి ఘాటు పోయింది. లవంగం మిగిలింది, దాని కింద వెచ్చగా ఏదో తీపి. సాయంత్రం వార్త రాస్తుంటే కాగితం మీద ఆనించిన చేతి నుంచి సాంబ్రాణి, పాత తోలు, ఎండలో ఉంచిన చెక్కపెట్టె వాసనలు వచ్చాయి. మర్నాడు స్నానం చేసినా కొంచెం ఉంది. ఇప్పుడు అంగళ్ళలో దొరికే సెంట్లు అంగట్లో ఉన్నంతసేపు బాగుంటాయి. మూత తీసిన క్షణంలోనే ఉన్నదంతా చెప్పేస్తాయి. ఇది మాత్రం మనల్ని మెప్పించాలని తొందరపడేది కాదు. దీని మంచితనం తెలియాలంటే ఒక పూట దీనితో గడపాలి.

ఆ తర్వాత బావ బెంగళూరులో ఒక అంగట్లో తానే కొనుక్కునేవాడు. ఒకసారి అంగడాయన ఇక రాదని చెప్పాడట. కంపెనీ చేతులు మారిందని, పాత సరుకులు ఆపేశారని. కొన్నేళ్ళకు అదే పేరుతో కొత్త సీసా వచ్చింది. మేనల్లుడు సంతోషంగా తెచ్చి ఇస్తే, బావ ఒకసారి వాసన చూసి అతనికే తిరిగి ఇచ్చేశాడు. అది చల్లగా, కడిగిన స్నానాలగది లాగా ఉంది. ఈ మధ్య ఇంటర్నెట్లో వెతికితే ఎక్కడెక్కడి మగవాళ్ళో ఈ సెంటు గురించి రాసుకున్నవి కనిపించాయి. పాత సీసా ఎక్కడైనా ఉందా అని అడిగేవాళ్ళే ఎక్కువ. సెంటు గురించి మొదలుపెట్టి, మూడో వాక్యంలో వాళ్ళ నాన్న కోటు గురించో, మామ కారు గురించో రాస్తారు.

బావ గుండెపోటుతో పోయేనాటికి ఆఖరి సీసాలో మూడో వంతు ఉంది. అక్క దాన్ని బీరువాలో పెట్టింది. మూత మర అరిగిపోయి, ఎవరూ వాడకుండానే లోపలిది తగ్గిపోతుండటం గమనించి, మూత గట్టిగా పట్టే సీసా కోసం ఇల్లంతా వెతికింది. దొరికింది పన్నీరు సీసా. కడిగి, ఎండబెట్టి, అందులో పోసింది. పైన రోజాపువ్వు బొమ్మ అలాగే ఉంది. నేను చీటీ రాసి అంటిస్తానన్నాను.

"ఏమిటికి? నాకు తెలీదా, ఏది ఏదని?" అంది.

అప్పటికి ఆమెకు వాసన తెలిసేది.

జ్వరం తగ్గాక డాక్టరు ఒక అభ్యాసం చెప్పాడు. బాగా తెలిసిన వాసనలు కొన్ని పొద్దున, సాయంత్రం ముక్కు దగ్గర పెట్టుకుని, అవి ఎలా ఉండేవో తలుచుకుంటూ పీల్చాలి. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. అక్క కాఫీపొడి, కర్పూరం, నిమ్మకాయ పెట్టుకుంది. చివర ఈ సీసా. కాఫీపొడిని ఒక్కోరోజు మరిచిపోయేది గానీ సీసాను మరవలేదు. ఏ ఊరెళ్ళినా అది చేతిసంచిలో ఉండేది. వచ్చేదేదైనా ఉంటే ముందు ఆయప్ప వాసనే వస్తుందని ఆమె నమ్మకం; బావను ఆమె ఆయప్ప అనే అంటుంది. అందుకే పెళ్ళికీ తెచ్చింది.

పెళ్ళిలో ఆ వాసన రావడానికి కాస్త ముందు చెంబులో పన్నీరు అయిపోవచ్చింది. బావ చెల్లెలు కలకండ పొట్లం కోసం అక్క సంచిలో చెయ్యి పెట్టింది. రోజాపువ్వు బొమ్మ కనిపించింది. అక్క సంచి తడుముకోవడం చూశాకే ఆమెకు పొరపాటు తెలిసింది.

"రంగు చూసినాను వదినా. పాతదై రంగు తిరిగిందనుకొని పోసేసినా," అంది.

"వాసన తెలీలేదా?" అన్నాను నేను.

"ముక్కుపొడి వేసే ముక్కుకి ఏమి తెలుస్తుంది? నువ్వు పేపరాయనవి, ఊళ్ళో వాసనంతా పట్టేటోడివి. పక్కనే నిలబడి ఏమి చేస్తాంటివి?" అని నా మీద లేచి, ఆ వెంటనే ఏడ్చింది. "మా యన్న సెంటు, నా చేత్తోనే పారబోస్తినే!"

నేను చెంబు తీసుకుని, మిగిలింది సీసాలోకి వంచేద్దామన్నాను. అక్క నా చేయి పట్టుకుంది.

"పన్నీరు కలిసిపాయ. ఇంక దాన్ని ఎత్తిపెట్టి ఏమి చేసేది?" చెంబును ఆడపడుచు చేతికి తిరిగి ఇచ్చింది. "చల్లమ్మీ. ఆయప్ప మనవరాలి పెండ్లే కదా. నా కొంగు మీద కూడా చల్లు."

అక్కడి నుంచి అక్క నమస్కారాలు మానేసింది. వచ్చిన ప్రతివాళ్ళనూ ఆపి, "ఎట్లుంది వాసన? చెప్పు," అని అడగసాగింది. ఒకామె దీపావళి పొద్దున లాగుందంది. తాపీ ముసలాయన సాయంత్రం టీ అంగడిలో కూలీ పంచేటప్పుడు ఇదే వాసన వచ్చేదన్నాడు. పెళ్ళికొడుకు తరఫు కుర్రవాడు తమిళంలో, బిరియాని పక్కన ఎవరో ఊదుబత్తి వెలిగించినట్టుందన్నాడు. అక్క గట్టిగా నవ్వింది. "ఆయప్ప వినుంటే నిన్ను తరిమి కొట్టేటోడు," అని మా తెలుగులోనే జవాబు చెప్పింది. అన్నం వేళకు చెంబు ఖాళీ అయింది.

ఆ రోజు కట్టిన చీరను అక్క ఉతకలేదు. ప్లాస్టిక్ సంచిలో ముడివేసి పెట్టింది. సీసా బదులు ఇప్పుడు కొంగు. పొద్దున, సాయంత్రం సంచి విప్పడం, పీల్చడం, ముడివేయడం. బావ చెల్లెలు రోజూ ఫోను చేసి, "వచ్చిందా వదినా?" అంటుంది. "లేదు, రేపు చెయ్యి," అంటుంది అక్క.

పోయిన నెల ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి అక్క కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. చెయ్యెత్తి నన్ను ఆగమంది.

"లవంగం రా," అంది. "ఇప్పుడే. వచ్చి పాయ."

కొంగు తీసుకుని నేనూ పీల్చాను. లవంగం నాకూ తెలిసింది. కానీ కిటికీ తెరిచి ఉంది, ఎదురింట్లో మసాలా వేయిస్తున్నారు. కిటికీ మూసి మళ్ళీ చూడమన్నాను. మూసి చాలాసేపు చూసింది. ఏమీ రాలేదు. మూసిన గదిలో ఆ కొంగు నా ముక్కుకూ వట్టి పట్టుచీరలాగే ఉంది. ఆ మాట అక్కకు ఇంకా చెప్పలేదు.