ఇరవయ్యేళ్ళ లెక్క

విశ్వం పుట్టిన తొలి క్షణంలో కొన్ని అలలు లేచాయని, వాటి జాడ ఇప్పటికీ ఆకాశంలో మిగిలి ఉంటుందని నేను ఇరవయ్యేళ్ళు లెక్కలు కట్టాను. నా లెక్క చెప్పినంత జాడ ఏ టెలిస్కోపుకూ దొరకలేదు. ఎక్కడ తప్పానో తర్వాత నాకు తెలిసింది. మొదట్లో వేసుకున్న ఊహే నిలిచేది కాదు. ఆ సంగతి ఎక్కడా రాయలేదు. మెల్లగా పరిశోధన వదిలి, తెలుగులో సైన్సు పుస్తకాలు రాస్తూ, ఉపన్యాసాలిస్తూ ఊళ్ళు తిరగడం మొదలుపెట్టాను.

సంగంలో వరి పండించే ఇంట్లో పుట్టినదాన్ని. నెల్లూరు జిల్లాలో ఎవరు పిలిచినా కాదనలేను. ఎక్కడికి వెళ్ళినా ఆ అలల కథ చెప్పేదాన్ని. జనానికి నచ్చేది. దొరకలేదన్న ముక్క మాత్రం ఎప్పుడో జారిపోయింది.

పోయినేడు సముద్రం ఒడ్డునున్న జువ్వలదిన్నె బడికి వెళ్ళాను. పిల్లలతోపాటు ఊరివాళ్ళూ కొందరు వచ్చారు. నడుము నొప్పిగా ఉండి కుర్చీలో కూర్చునే మాట్లాడాను. మధ్యలో కరెంటు పోయింది, బొమ్మలు చూపించే వీల్లేకపోయింది. అలల దాకా వచ్చేసరికి వెనక గోడకు ఆనుకుని నిల్చున్న ఒకావిడ చెయ్యెత్తింది. యాభై ఏళ్ళుంటాయి. చేపలు ఎండబెట్టే పని మధ్యలో వచ్చిందేమో, చీర చెంగు నడుముకు దోపుకుని ఉంది.

"ఆ అలలు ఉండాయని ఎట్లా తెలిసింది మేడం?"

ఈ ప్రశ్నకు నా దగ్గర తయారుగా ఒక జవాబుంది. దాన్ని మొదలుపెట్టే ఓపిక ఆ రోజు లేదు.

"తెలియలేదమ్మా. వెతికినారు, కనపళ్ళేదు."

"మరి ఇందాక ఉండాయని చెప్పినారే?"

"చెప్పి చెప్పి అలవాటైపోయింది."

ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"మా ఆయన బోటు మీద పోతాడు. చేప పడని చోటుంటే వచ్చి అందరికీ చెప్తాడు. చెప్పకుంటే ఇంకొకరు అక్కడికే పోయి రోజంతా ఎండలో పడుంటారు గదా. మీ వాళ్ళకి మీరు చెప్పినారా?"

చెప్పలేదన్నాను. హెడ్మాస్టరుగారు కంగారుగా టీ తెప్పించారు.

ఇంటికొచ్చాక నా పాత పుస్తకం మళ్ళీ అచ్చు వేస్తామంటే కొత్త అధ్యాయం ఒకటి రాసిచ్చాను. ఏం ఊహించాను, ఎక్కడ తప్పాను, అన్నీ.

"మంచి కథ పాడవుతుంది మేడం, తీసేద్దాం," అన్నాడు పబ్లిషరు. వద్దన్నాను.

అదే ఇంగ్లీషులో రాసి, ఇంకా ఆ రంగంలోనే ఉన్న పాత సహోద్యోగికి పంపాను. మూడు వారాలకు జవాబొచ్చింది. అతని దగ్గర పరిశోధన చేసే ఒకమ్మాయి ఏడాదిగా నా దారినే పోతోందట. నా ఉత్తరం చూసి ఆపేసిందట. ముందే చెప్పి ఉంటే బాగుండేదని చివర్లో రాశాడు. అతని మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది.

ఆ అమ్మాయికి క్షమాపణ రాద్దామని రెండుసార్లు కూర్చుని లేచాను. చివరికి నా నోటుపుస్తకాలన్నీ బయటికి తీసి, అనుమానం వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో గుర్తుపెట్టి, స్కాన్ చేయించి పంపాను. దానికి నెల పట్టింది. ఆ నెలంతా ఏ సభకూ వెళ్ళలేదు.