అంజనప్ప మాస్టరు సంతకం

మొన్న దేవనహళ్ళి దారిలో వంతెన ఎక్కుతుంటే క్లచ్ ప్లేటు కాలిన వాసన గుప్పుమంది. నా లారీదేమోనని ఒక్క క్షణం గుండె ఝల్లుమంది. చూస్తే నా ముందు ఎర్రటి ‘ఎల్’ బోర్డు కట్టుకున్న పాత లారీ ఒకటి ఎత్తు మీద ఆగిపోయి, వెనక్కి జారకుండా ఉండటానికి నానా తంటాలు పడుతోంది. కార్లవాళ్ళు హారన్లతో దాన్ని తిట్టిపోస్తున్నారు. నేను మాత్రం హారన్ మీద చెయ్యి వెయ్యకుండా ఆ వాసన పీలుస్తూ కూర్చున్నాను. “అది క్లచ్చు వాసన కాదమ్మా, నీ కాల్లో ఉండే భయం వాసన” అనేవారు అంజనప్ప మాస్టరు. కాడుగోడిలో నాకు లారీ నేర్పిన మనిషి ఆయన. పోయి ఏడాది దాటింది. మీరెవరూ ఆయన్ని ఎరగరు కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

అప్పట్లో నేను వర్తూరులో స్కూలు వ్యాను నడిపేదాన్ని. ఇంట్లో అమ్మ, నేను. సంపాదన నాదొక్కటే. వ్యాను యజమాని దాన్ని అమ్మేస్తున్నానని ఒకరోజు చల్లగా చెప్పాడు. అదే సమయంలో దేవనహళ్ళి దగ్గర కొత్తగా తెరిచిన సరుకుల గోదాములో పెద్ద బండ్లకు ఆడవాళ్ళను కూడా తీసుకుంటున్నారని తెలిసి వెళ్ళి అడిగాను. మూడు నెలల్లో హెవీ లైసెన్సు తెచ్చుకుంటే చోటు ఉంచుతామన్నారు. “మగ్గం కాడ కూర్చునే ఇంటి బిడ్డవి, నీకు లారీ యాలే?” అని అమ్మ గొణిగింది. మరు నిమిషంలోనే “లోపల ఫ్యాను ఉంటాదా?” అని అడిగింది. అంటే ఒప్పుకున్నట్లే.

మా వీధిలో లారీలు తోలేవాళ్ళందరూ స్కూలుకు డబ్బు తగలెయ్యొద్దన్నారు. క్లీనరుగా తిరిగితే పని అదే వస్తుందన్నారు. నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బు ఉంది, గిన్నె కొన్నా సరే తిరగేసి అడుగు చూడందే తీసుకోను. అందుకని స్కూళ్ళు చూడటానికి బయలుదేరాను. మొదటిదానికి పెద్ద రంగుల బోర్డు ఉంది, నెల రోజుల్లో లైసెన్సు గ్యారంటీ అని. లారీ చూపించమన్నాను. “అది ఫీల్డులో ఉండాది మేడమ్” అన్నాడు మేనేజరు. మర్నాడు వెళ్ళినా ఫీల్డులోనే ఉంది. రెండో స్కూల్లో ఏసీ గది, గోడంత తెర, దాని ముందు సీటూ స్టీరింగూ ఉన్నాయి. అరగంట సేపు తెర మీద లారీ నడిపి చిన్నపిల్లలా సంబరపడ్డాను. దిగాక అసలు రోడ్డు మీద నా చేతికి ఎంతసేపు ఇస్తారని అడిగితే, ఒక్కో ట్రిప్పుకు నలుగురు ఎక్కుతారు, పది నిమిషాలు మీ వంతు అన్నారు. సంబరం అక్కడే దిగిపోయింది.

మూడోది కాడుగోడి స్టేషను వెనక ఒక రేకుల షెడ్డు. దాని ముందు ఖాళీ స్థలంలో ఇసుక బస్తాలతో నింపిన పాత లారీ. దాని కింద దూరి ఏదో చూస్తున్న మనిషి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూశారు. నేను నా ప్రశ్నల చిట్టా విప్పాను. ఎన్ని రోజులు, ఎంత దూరం, ఎంతమంది, బస్తాలు ఎందుకు అని వరసగా అడిగాను. ఆయన చివరిదానికి మాత్రమే జవాబిచ్చారు. “ఖాళీ లారీ ఎవరైనా ఆపుతారమ్మా. బరువుండేది ఆపేది నేర్చుకోవాల.” తరవాత, “ఇప్పుడే సేరొద్దు. మూడు దినాలు సుమ్నే, ఊరికే, వెనక కూర్చోని చూడు. ఆ పైన నీ ఇష్టం” అన్నారు. డబ్బు తీసుకోకుండా చూడమన్న స్కూలు అదొక్కటే. నాలుగో రోజు చేరిపోయాను.

మొదటి వారం నన్ను స్టీరింగు ముట్టనివ్వలేదు. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని నన్ను లారీ చుట్టూ తిప్పారు. అడుగడుగుకూ “కనపడతాండావు... కనపడతాండావు... ఆఁ, లేవు!” అని అరిచేవారు. ‘లేవు’ అన్నచోటల్లా నేను ముగ్గుపిండితో గీత గీయాలి. సాయంత్రానికి లారీ చుట్టూ వంకర టింకర ముగ్గు తయారైంది. ముందు బంపరు కింద ఒక ముక్క, ఎడమ పక్కన ఇంత పెద్ద గది, వెనకంతా తెల్లగానే. “చూసినావా? దీంట్లో నిలబడినోళ్ళు డ్రైవరు లెక్కలో పుట్టనే లేదు” అన్నారు. ఆరేళ్ళు వ్యాను నడిపి, అన్నీ తెలుసనుకున్న నాకు ఆ ముగ్గు చూస్తే ఒళ్ళు జలదరించింది.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండబట్టలేక అడిగేశాను. “మాస్టరూ, క్లీనరుగా నేర్చుకున్నోళ్ళూ తోలతా ఉండారు కదా. మీ స్కూలు యాలకు?” ఆయన కోప్పడలేదు. ముద్ద నములుతూ ఆలోచించారు. “పదేండ్లు క్లీనరుగా తిరిగినోనికి నాకన్నా శానా తెలిసుంటాదప్పా. అబద్ధం యాల చెప్పేది? అయితే వాడు నేర్చుకునేది ఒక్క డ్రైవరు కాడ. ఆయప్ప తప్పులు కూడా ఒప్పులనుకోని నేర్చుకుంటాడు.” అంత నిజాయితీగా తన సరుకు గురించి చెప్పిన దుకాణదారుణ్ణి నేను ఇంకొకర్ని చూడలేదు.

రెండు నెలలు గడిచాయి. ఎత్తు మీద ఆపడం, మలుపుల్లో వెనక చక్రాలు ఎటు పోతాయో చూసుకోవడం, అన్నీ వచ్చాయి. మర్నాడు లైసెన్సు పరీక్ష. దానికి ముందు శిక్షణ పూర్తయిందని మాస్టరు పత్రం మీద సంతకం పెట్టాలి. ఆ రోజు పొద్దున్నే నేను షెడ్డుకు వెళ్ళేసరికి ఆయన అప్పటికే క్యాబిన్లో పక్క సీట్లో ఉన్నారు, ఎప్పుడూ లేని తొందరలో. “ఎక్కమ్మా, ఎక్కు. స్టార్టు చేసి తీసెయ్. నాకు పని ఉండాది” అన్నారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. పెద్ద లారీల బ్రేకులు గాలితో పనిచేస్తాయి. ఇంజను ఆన్ చేశాక ట్యాంకులో గాలి నిండేదాకా బండి కదపకూడదు. ఎంత నిండిందో ఎదురుగా ముల్లు చూపిస్తుంది. ఆ రోజు ముల్లు ఇంకా ఎర్రగీత దాటలేదు. నేను చూశాను. “ఊఁ, తీయమ్మా!” అన్నారు మాస్టరు. ఆయనకు తెలియదా అనుకుని గేరు వేశాను.

లారీ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. చక్రాల కింద ఆయన ముందే చెక్కలు పెట్టి ఉంచారు. తాళంచెవి తీసుకుని దిగిపోయారు. “ఈ దినం సంతకం లేదు” అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. “మీరే కదా తీయమంటిరి!”

“అవును, నేనే అంటిని. ముల్లు చూసినావా లేదా?”

“చూస్తిని.”

“మరి?”

అప్పుడు చెప్పారు ఆయన. కుర్రతనంలో తన గురువు ఘాట్ రోడ్డు దిగేటప్పుడు డీజిలు మిగలాలని గేరు తీసేసి బండిని వదిలేసేవాడట. ఒక రోజు ఈయన్ని కూడా అలాగే దించమన్నాడు. “తప్పని నాకు తెలుసు. గురువు పక్కనే కూర్చోని ఉండాడు, నోరు రాలేదు. బ్రేకులు కాలిపోయినాయి. కంకర కుప్ప అడ్డం రాబట్టి నేను మిగిలితిని. ఆయప్ప మిగల్లా.” ఆ కథ ఆ రోజు నా తలకెక్కలేదు. నా చోటు పోతుందన్న ఒక్క దుఃఖమే ఉంది. మళ్ళీ పరీక్ష తేదీ దొరికేది నెల తరవాత. గోదాము గడువు ఈలోపే అయిపోతుంది.

ఏడుస్తూనే తిన్నగా మొదటి స్కూలుకు పోయాను. మేనేజరు నవ్వుతూ కుర్చీ చూపించాడు. “పత్రమేనా? ఇప్పుడే సంతకం పెట్టిస్తా మేడమ్. మీరు లారీ కూడా ఎక్కాల్సిన పన్లేదు.” ఆ చివరి మాట అనకపోతే తీసుకునేదాన్నేమో, నిజంగా చెబుతున్నాను. కానీ అన్నాడు. రేపు ఈ రోడ్డు మీదే అలాంటి పత్రంతో ఇంకెవరో నా పక్కన వస్తారన్న సంగతి తోచి లేచి వచ్చేశాను. దేవనహళ్ళి చోటు పోయింది. అమ్మ రెండు రోజులు మాస్టర్ని తిట్టింది, నేను అడ్డు చెప్పలేదు.

నెల తరవాత, పరీక్షకు ముందురోజు, ఆయన మళ్ళీ పక్క సీట్లో కూర్చున్నారు. గాలి నిండేదాకా ఆగాను. స్థలం చివరకు వెళ్ళాక వెనక్కి తియ్యమన్నారు. “వెనక ఎవరూ లేరమ్మా. నేను చూసినా, రా.” నా చెయ్యి గేరు మీదికి వెళ్ళింది. అంతటి మనిషి చూశానంటే మళ్ళీ చూడటం అవమానించినట్లు కాదా అనిపించింది. “నేను దిగి చూసొస్తా మాస్టరూ” అన్నాను. వెనక నిజంగానే ఎవరూ లేరు. తిరిగి వచ్చేసరికి ఆయన ఒళ్ళో పత్రం పెట్టుకుని సంతకం చేస్తున్నారు. ఆ పూట టీ నాతో ఇప్పించుకున్నారు.

పరీక్ష పాసయ్యాను. దేవనహళ్ళి దగ్గరే ఇంకో గోదాములో పని దొరకడానికి అయిదు నెలలు పట్టింది. ఇప్పుడు ఆడపిల్లలు కొందరు ఫోన్ చేసి స్కూలుకు పోవడం దండగా అని అడుగుతారు. లారీ చూపించమని అడగండి, బరువు వేసి నేర్పిస్తారా అని అడగండి, మూడు రోజులు కూర్చుని చూడనిస్తారేమో అడగండి అంటాను. చూడనివ్వని చోట నిజంగా దండగే.

పోయే ముందు సంవత్సరం మాస్టరు స్కూలు మూసేశారు. షుగరుతో చూపు బాగా తగ్గింది. లారీని మర్నాడు తుక్కు కింద పట్టుకుపోతారని తెలిసి ఆదివారం సాయంత్రం చూడటానికి వెళ్ళాను. బస్తాలు దించేసి, బండి ఖాళీగా ఉంది. తాళంచెవి నా చేతికిచ్చి స్టార్టు చెయ్యమన్నారు. చేశాను. గాలి నిండింది. అప్పుడు డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. “దిగమ్మా. ఒక్క చుట్టు నేను తోలతా. నా స్థలం, నా బండి. నాకు కళ్ళు మూసినా తెలుసు.”

ఆ స్థలంలో అడ్డంగా స్టేషనుకు మనుషులు నడుస్తూనే ఉన్నారు. ఆయన ముఖం చూశాను. ఎప్పటిలాగా నన్ను పరీక్షిస్తున్నారేమోనని వెతికాను. ఏమీ తెలియలేదు. చెయ్యి మాత్రం చాచే ఉంది.

“లేదు మాస్టరూ” అన్నాను. “మీరు ఆ పక్క ఎక్కండి.”

ఆయన మెల్లగా చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. నేను నాలుగు చుట్లు తిప్పాను. మలుపు దగ్గర ప్రతిసారీ ఆయన కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. ఒక్క చుట్టు తోలతానన్నది పరీక్షా, నిజమైన కోరికా అని అడగాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ప్రతిదాన్నీ తిరగేసి చూసే నేను ఆ ఒక్కటి మాత్రం అడగలేకపోయాను, ఈలోగా ఆయన పోయారు. కోరికే అయి ఉంటుందని ఇప్పుడు అనిపిస్తుంది. ఈ రోజు వచ్చి మళ్ళీ అడిగినా, ఏడుస్తూనే లేదనే అంటాను.