ఉత్తరానికి పారే నది

యుద్ధం మొదలవగానే బళ్లు మూసేశారు. రియాద్‌లో మేమున్న వాటాలో, విషవాయువు వస్తే దూరడానికని పడకగది కిటికీల చుట్టూ టేపు అంటించి పెట్టుకున్నాం. మా వారు కువైట్ సరిహద్దులో, ఖఫ్జీలో ఇంజనీరు. ఆ ఊరు ఖాళీ చేయిస్తున్నారని తెలిసి మూడు రోజులైంది. ఆయన దగ్గర్నుంచి కబురు లేదు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేదాన్ని.

ఓ సాయంత్రం ఆ కంగారు అణుచుకోలేక ఏడో తరగతి చదివే మా అమ్మాయికి భూగోళం చెబుతానని కూర్చున్నాను. నాకు పాఠం తెలుగులోనే వచ్చు మరి.

"మంచుదేశంలో ఉండే లేనా నది ఉత్తరానికి పారుతుంది."

"ఉత్తరానికి పారడమేంటమ్మా? నదికి కూడా లెటర్లొస్తాయా?"

దానికి తెలిసిన ఉత్తరం అమ్మమ్మ రాసేదొక్కటే. ఇంకో రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని. "నార్తే, మొద్దూ!" అని కసిరాను.

ఆ తర్వాతి సంగతి నాకే మింగుడుపడలేదు. చలికాలం నది గడ్డకడుతుంది, సరే. దాని మీద లారీలు నడుస్తాయట, అదీ సరే. ఎండలు రాగానే ఎగువన, దక్షిణాన, ముందు కరుగుతుంది. దిగువన సముద్రం దగ్గర ఇంకా గడ్డే. వచ్చిన నీళ్లు దారిలేక ఊళ్ల మీద పడతాయి. వాన చుక్క లేకుండా వరదేమిటి, చోద్యం కాకపోతే! మా గోదావరిలో ఎప్పుడైనా విన్నామా?

"అవతల తెరుచుకోకపోతే అవెక్కడికి పోతాయమ్మా, పాపం?" అంది పిల్ల.

అంతలో సైరన్ కూసింది. దాన్ని పడకగదిలోకి లాక్కెళ్లి, తలుపు సందులకూ టేపు వేసేశాను. వేశానో లేదో, హాల్లో ఫోను మోగింది.

"నాన్నే!"

ఆయనే అయ్యుండొచ్చు. నా చెయ్యి టేపు మీదే ఉంది, లాగలేకపోయాను. పిల్ల కోసమే ఆగానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అబద్ధం. నా ప్రాణానికే భయపడ్డాను. ఫోను ఆగి, మళ్లీ మోగింది. "వద్దే, చస్తావే!" అంటున్నా వినకుండా అది నన్ను తోసేసి, టేపు పర్రున లాగి హాల్లోకి పరిగెత్తింది. దాని వెనకే నేను తలుపు మూసేశాను. అవును, పిల్ల బయటుండగానే మూసేశాను.

తలుపవతల నుంచి దాని గొంతు వినిపించింది.

"నాన్నా! ఖఫ్జీ నుంచి దమ్మామ్ వచ్చేశారా? మాకేం కాలేదు నాన్నా. అమ్మా? ఇక్కడే ఉంది, నన్ను పట్టుకునే కూర్చుంది. ఏడుస్తోంది, అందుకే మాట్లాడలేకపోతోంది."

అందులో ఏడుపొక్కటే నిజం.