లోపల పళ్ళు, బయట మేము

మొన్న మా మనవరాలు గంప మీది గోనెసంచి తొలగించగానే, వరిగడ్డిలో మాగిన చిన్నరసాల వాసన ఇల్లంతా గుప్పుమంది. పండు చేతిలోకి తీసుకున్నానో లేదో నాకు నవ్వు ముంచుకొచ్చింది. "ఏంటి నాయనమ్మా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?" అందది. ఏం చెప్పను? ఆ వాసన తగిలితే చాలు, మా పక్కింటి కృపమ్మ గారు తెల్లచీర కొంగు నడుముకు దోపుకుని, ముక్కాలిపీట మీద కూర్చుని నన్ను గద్దిస్తున్నట్టే ఉంటుంది.

కృపమ్మ గారు మిషను బళ్ళో పంతులమ్మ. స్వరాజ్యం వచ్చిన కొత్తలో నేను నూజివీడుకు కోడలిగా వచ్చాను. మా ఆయన మామిడి తోటల్లో కాపలా, కోత పనులు చేసేవారు. మాకున్నది చిన్న పెంకుటిల్లు. వేసవి వస్తే ఆ ఇల్లు మాది కాదు, పళ్ళది. కూలి కింద ఇచ్చిన కాయలను గడ్డి పరిచి ఇంటినిండా మాగేసేవాళ్ళం. ఆ ఆవిరికి, ఆ ఈగలకు లోపల మనిషన్నవాడు నిద్రపోగలడా? అందుకని పెరట్లో తాటాకు పందిరి వేసుకుని వంటా పడకా అక్కడే కానిచ్చేవాళ్ళం. ఊళ్ళో గొప్పవాళ్ళదీ అదే వరస, కాకపోతే వాళ్ళకు పందిరి బదులు వసారాలుండేవి.

సరిగ్గా ఆ రోజుల్లోనే పంచాయతీ బోర్డు తరఫున ఇంటిపన్ను లెక్క కట్టడానికి బిల్లు కలెక్టరు వచ్చాడు. ఎక్కడో మామిడితోట ఎరుగని మెట్ట ఊరి నుంచి కొత్తగా వచ్చిన మనిషి. మీరెక్కడ ఉంటారని అడిగాడు. పందిరి చూపించాను. మరి లోపలెవరుంటారన్నాడు. పళ్ళుంటాయండీ అన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు! ఆయన తలాడించి రాసుకుపోయాడు. కొన్నాళ్ళకు నోటీసు వచ్చింది. పెంకుటిల్లు పళ్ళమ్మే మామిడి మండీ అట, పందిరేమో మా నివాసమట, రెండింటికీ వేరువేరుగా పన్నట. కట్టకపోతే సామాను జప్తు. ఈ ఏడు మా అమ్మ ఇచ్చిన ఇత్తడి గుండిగ పోతుంది, వచ్చే ఏడు తలుపులు ఊడదీస్తారు, ఆ పై ఏడు ఇల్లే ఉండదు.

నోటీసు పట్టుకుని కృపమ్మ గారింటికి పరిగెత్తాను. ఆవిడ చదివి, కళ్ళజోడు తీసి, పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. నా కొంప మునుగుతుంటే ఈవిడకు నవ్వులాటగా ఉందే అనుకున్నాను. నవ్వు ఆపుకుని అర్జీ రాశారు, ఆవిడే వెళ్ళి ఇచ్చొచ్చారు. తీరా విచారణకు పిలుపొచ్చేసరికి, మా ఆయన నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు, మీరే మాట్లాడండి అని కాళ్ళావేళ్ళా పడ్డా ఆవిడ ఒప్పుకోలేదు.

"ఇల్లు నీది రత్తమ్మా. అందులో ఎలా బతుకుతున్నావో నువ్వే చెప్పాలి. నేను వెనకాల కూర్చుంటాను" అన్నారు.

ఇక సాయంత్రమయితే వాళ్ళ పెరట్లో నాకు తర్ఫీదు. ముక్కాలిపీట మీద బోర్డు ప్రెసిడెంటులా కూర్చుని, గొంతు లావు చేసి, నీ గోడేంటో చెప్పమని గద్దించేవారు. నాకు నవ్వాగేది కాదు. నవ్వితే మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి. చూపు దించినా అంతే.

అబ్బ, ఆ విచారణ రోజు! బోర్డు ఆఫీసు మెట్లెక్కుతూ చెప్పాల్సిందంతా లోలోపలే వల్లెవేసుకున్నాను. అప్పటికే వానలు పడ్డాయి, పళ్ళయిపోయాయి, పందిరి పీకేశాం. బిల్లు కలెక్టరు చూసింది చూసినట్టు చెప్పాడు. పాపం, ఆయనా అబద్ధమాడలేదు. ప్రెసిడెంటు గారు పెద్ద తోట ఆసామి. ఇప్పుడు పందిరే లేదంటున్నావు, అది పళ్ళ రోజులకే వేసుకున్నదని మేమెలా నమ్మేదని అడిగారు. నేర్చుకున్నదంతా నా బుర్రలోంచి ఎగిరిపోయింది. వెనక్కి తిరిగి చూశాను. కృపమ్మ గారు వెనక బెంచీ మీద కూర్చుని, కావాలనే కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఒళ్ళు మండుకొచ్చింది. ఆ మంటలోనే నోరు పెగిలింది.

"అయ్యా, మొన్న వేసవిలో తమరెక్కడ పడుకున్నారండీ?"

అయిపోయింది, గుండిగ పోయింది, ఇల్లూ పోయింది అనుకున్నాను. ప్రెసిడెంటు గారు మెంబర్ల వైపు చూశారు. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"వసారాలో పడుకున్నానమ్మా" అన్నారాయన చివరికి. "నడిమింట్లో మా ఆవిడ రసాలు మాగేసింది."

ఇక చూడాలి ఆ నవ్వులు! మెంబర్లంతా మేమూ అంతే, మేమూ అంతే అన్నారు. అలాగైతే ముందు మా ఇంటికి మండీ పన్ను వేయవయ్యా అని ప్రెసిడెంటు గారంటే బిల్లు కలెక్టరు కూడా నవ్వేశాడు. కొత్తగా వేసిన పన్నంతా కొట్టేశారు. మా ఇల్లు మళ్ళీ ఇల్లయింది.

తిరిగొస్తుంటే నా కాళ్ళు నేల మీద లేవు. కృపమ్మ గారు మాత్రం తల వంచుకుని నాకంటే ముందు నడుస్తున్నారు. పెద్దమనిషిని అంత మాట అడిగేశానని కోపం వచ్చిందేమోనని భయపడుతూ అడిగాను. ఆవిడ ఆగి నా మొహంలోకి చూశారు. కళ్ళజోడు వెనక కళ్ళు తడిగా మెరుస్తున్నాయి.

"ఆ ప్రశ్న నేను నేర్పలేదే" అన్నారు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆ పందిరి, ఆ గడ్డి ఇప్పుడెవరికీ అక్కర్లేదు గానీ నేను మాత్రం వేసవిలో ఒక గది పళ్ళకే వదిలేసి, మంచం వసారాలో వేయించుకుంటాను. రేషను ఆఫీసులోనైనా, ఆస్పత్రిలోనైనా, ఎక్కడ నా నోరు పెగలకపోయినా ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తాను. కృపమ్మ గారు బెంచీ మీద కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. మాట దానంతటదే వచ్చేస్తుంది.